ఫ్రిజ్ లేని ఇంట్లో మామిడిపండు ఐస్‌క్రీమ్

తమ్ముళ్లూ, ఫ్రిజ్ లేకపోయినా ఇంట్లో ఐస్‌క్రీమ్ చేయవచ్చు. నేను పెదకాకాని హాస్టల్లో చదివే రోజుల్లో వేసవి సెలవులకు ఇంటికెళ్లి ప్రయత్నించాను. పాల డబ్బాను గంటసేపు ఐసులో పెట్టినా చల్లబడ్డాయే గాని గడ్డకట్టలేదు. చెల్లెలి కోసం ఉంచిన పాలు విరిగిపోయి అమ్మ చేత చీవాట్లు తిన్నాను.

నేను మరిచింది ఉప్పు. ఐసు 0 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పంచదార కలిసిన పాలు గడ్డకట్టాలంటే ఇంకా రెండు మూడు డిగ్రీలు తగ్గాలి. ఉప్పు కలిస్తే ఐసు సున్నా కంటే దిగువనే కరుగుతుంది, కరగడానికి కావలసిన వేడిని పాల డబ్బా నుంచి లాగేస్తుంది. అలా మైనస్ 21 డిగ్రీల దాకా దిగగలదు. సైన్సు పుస్తకంలోని హిమీకరణ మిశ్రమం ఇదే!

అర లీటరు పాలు సగానికి మరిగించి, 100 గ్రాముల పంచదార కలిపి బాగా చల్లార్చండి. వేడి పాలలో పండు కలిపితే విరుగుతాయి. చల్లారాక రెండు బంగినపల్లి పండ్ల గుజ్జు కలిపి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో సగం వరకే పోయండి. బకెట్లో మూడు కిలోల ఐసు ముక్కలు, కిలో రాళ్ల ఉప్పు (మన చినగంజాం ఉప్పయితే సరి) వరసలుగా వేసి, మధ్యలో డబ్బా పెట్టి, పైన తడి గోనెసంచి కప్పండి. డబ్బాను తిప్పుతూనే ఉండాలి. పది నిమిషాలకోసారి మూత తుడిచి తీసి, అంచులకు పట్టినదాన్ని గరిటెతో గీకి కలపండి. కలపకపోతే పలుకులు కడుతుంది. ఉప్పునీరు లోపల పడిందా, అంతా పారబోయడమే. బజారు ఐసు దిమ్మను మాత్రం నోట్లో వేసుకోకండి, అది ఏ నీళ్లతో చేశారో తెలియదు.

ముప్పావు గంటలో గట్టిపడుతుంది. అమ్మ మిరప కల్లం నుంచి వచ్చే వేళకు చూసుకుని మొదలుపెట్టండి, ఎక్కువసేపు నిలవదు.