గగనవిద్యార్థి సంచి – చెవికి కవచం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 16 సంవత్సరాలు నిండిన విద్యార్థి, శిక్షకుని అనుమతితో, చిన్న విమానాన్ని ఒంటరిగా నడపవచ్చు. 17 నిండితే ప్రైవేటు పైలట్ లైసెన్సుకు అర్హత వస్తుంది. కారు తాళాలు ఇవ్వడానికే వెనుకాడే తల్లిదండ్రులకు ఈ మాట వినగానే గుండె జారడం సహజం. అయినా వారాంతాలలో పిల్లలను ఊరి శివార్లలోని చిన్న విమానాశ్రయానికి దిగబెట్టి వచ్చే తెలుగు కుటుంబాలు నేడు లేకపోలేదు. శిక్షణలో చేరిన మొదటి వారంలోనే ఇంటిలో ఒక చర్చ మొదలవుతుంది: ఏమేమి కొనాలి, ఎంతలో కొనాలి? వైమానిక సామగ్రి అమ్మేవారి పట్టిక పెళ్లి సామాన్ల జాబితా వలె అంతూ పొంతూ లేకుండా ఉంటుంది. నిజానికి అందులో అధికభాగం లేకున్నా తొలి నెలలు గడిచిపోతాయి. లోతుగా ఆలోచించి డబ్బు వెచ్చించవలసిన వస్తువు ఒక్కటే; అది చెవులకు పెట్టుకునే హెడ్‌సెట్.

ముందుగా సంచి సంగతి. పైలట్ సంచికి ఒక చరిత్ర ఉంది. ఎల్రీ జెప్పెసన్ అనే టపా విమాన చోదకుడు కొండల ఎత్తులు, దిగే మైదానాల వివరాలు ఒక చిన్న నల్ల పుస్తకంలో రాసుకునేవాడు. తోటి చోదకులు దానికి ప్రతులు అడగడంతో 1934లో అది అమ్మకపు వస్తువయింది. కాలక్రమంలో ఆ పటాలూ, పుస్తకాలూ పెరిగి పెద్ద విమానాల చోదకులు మోసే పెట్టె 35 పౌన్ల బరువుకు చేరింది. 2013లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆ కాగితాల మోపుకు బదులు ఐప్యాడ్‌ను తన పైలట్ల చేతికిచ్చింది. విద్యార్థులు కూడా నేడు పటాలను ఎక్కువగా ఐప్యాడ్‌లోనే చూస్తున్నారు. కాని టెక్సాస్ వంటి చోట్ల వేసవి ఎండ అద్దం గుండా సూటిగా పడితే ఆ పరికరం వేడెక్కి ఆగిపోతుంది. కనుక ఆ ప్రాంతపు కాగితపు పటం ఒకటి, రెండు కలాలు, తొడకు కట్టుకునే రాతపలక సంచిలో ఉండాలి.

పత్రాల విషయంలో మన కుటుంబాలు ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటుంది. అమెరికా పౌరులు కానివారు, గ్రీన్ కార్డు ఉన్నవారితో సహా, శిక్షణ ఆరంభించక ముందే రవాణా భద్రతా సంస్థ అనుమతి పొందాలి. పౌరులైనవారు పాస్‌పోర్టు వంటి ఆధారం చూపాలి. ఆ తరువాత విద్యార్థి పైలట్ సర్టిఫికెట్, వైద్య సర్టిఫికెట్, ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు ఎప్పుడూ వెంట ఉండాలి. ఒంటరిగా దూరప్రయాణం చేసే విద్యార్థి, శిక్షకుని సంతకాలున్న లాగ్ పుస్తకాన్ని కూడా తీసుకుపోవాలి.

మిగిలినవి చిన్నవి. ఇంధనపు తొట్టి అడుగునుంచి కొద్దిగా పట్టి చూసే పారదర్శకమైన గొట్టం: చిన్న విమానాలు ఎక్కువగా వాడే 100 ఎల్.ఎల్. పెట్రోలు లేత నీలంగా ఉంటుంది. నీరు కలిస్తే అడుగున వేరుపడి కనిపిస్తుంది. రాత్రి ప్రయాణానికి రెండు టార్చిలైట్లు. ఎర్రకాంతిలో పటంమీది ఎర్రగీతలు కంటికి ఆనవు కాబట్టి ఒకటి తెల్లకాంతిది కావాలి. మంచినీళ్లు. వాంతి సంచి, సిగ్గుపడకుండా. చలువ కళ్లద్దాలు కొంటే పోలరాయిడ్ రకం వద్దు. వాటిగుండా చూస్తే కొన్ని పరికరాల తెరలు నల్లగా కనిపిస్తాయి.

కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే చిన్న పరికరం మాత్రం ఈ చిన్నవాటిలో కలిపి చెప్పదగినది కాదు. ఇటువంటి విమానాలలో చలికాలపు వెచ్చదనం పొగగొట్టం చుట్టూ అమర్చిన తొడుగు నుంచి వస్తుంది. గొట్టం పగిలితే రంగూ వాసనా లేని విషవాయువు నేరుగా లోపలికి చేరుతుంది. ఈ పరికరాన్ని తప్పనిసరి చేయాలని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2004లో ఒకసారి, 2022లో మరోసారి సిఫారసు చేసింది. సంచిలో హెడ్‌సెట్ తరువాతి స్థానం దీనిదే.

ఇన్ని పెట్టినా సంచి తేలికగానే ఉండాలి. 1955లో తొలిసారి ఎగిరి, 44,000కు పైగా తయారైన సెస్నా 172 విమానంలో సామాన్ల అర మోయగలిగేది సాధారణంగా 120 పౌన్లే. బరువు వెనుకకు పోయినకొద్దీ గురుత్వకేంద్రం వెనుకకు జరిగి విమానం నిలకడ తగ్గుతుంది. సంచి నోరు మూసి కట్టి ఉండాలి. దొర్లిపోయిన ఒక్క కలం కాలితొక్కుడు కింద ఇరుక్కుంటే చాలు, ఇబ్బంది మొదలవుతుంది.

ఇక శబ్దం. ఒక ఇంజను గల చిన్న విమానం లోపల ధ్వని తీవ్రత 85 నుంచి 100 డెసిబెళ్ల దాకా ఉంటుంది. డెసిబెల్ మన కూడికలకు లొంగే కొలత కాదు. ప్రతి 3 డెసిబెళ్ల పెరుగుదలకు ధ్వనిశక్తి సుమారు రెట్టింపవుతుంది. అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య పరిశోధనా సంస్థ, 85 డెసిబెళ్ల శబ్దంలో రోజుకు 8 గంటలు పనిచేయవచ్చునని హద్దు పెట్టింది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2, 94 అయితే ఒకే గంట. విమాన శిక్షణలో ఒక పాఠం ఇంచుమించు గంట నుంచి గంటన్నర ఉంటుంది. లైసెన్సుకు కనీసం 40 గంటలు ఎగరాలి; చాలామందికి 60, 70 గంటలు పడతాయి. చెవిని కాపాడుకోకుండా ఇన్ని గంటలు గడిపితే ఏమవుతుంది?

లోపలి చెవిలో నత్తగుల్ల వలె చుట్టుకొన్న కర్ణావర్తంలో సుమారు 15,000 కేశకణాలు ఉన్నాయి. ధ్వనితరంగాలను నాడీసంకేతాలుగా మార్చేవి అవే. చచ్చిపోయిన కేశకణం మనుష్యులలో తిరిగి పుట్టదు. పెనుశబ్దానికి ముందుగా దెబ్బతినేవి 4,000 హెర్ట్జ్ పరిసరాలలోని ధ్వనులను అందుకొనే కణాలు. అచ్చులు తక్కువ పౌనఃపున్యంలో, బలంగా పలుకుతాయి. హల్లులలో పలుచనివి ఎక్కువ పౌనఃపున్యంలో, బలహీనంగా పలుకుతాయి. అందుచేత వినికిడి తగ్గిన మనిషికి మాట వినిపిస్తూనే ఉంటుంది, అర్థం కాదు. ‘కప్పు’ అన్నారో, ‘తప్పు’ అన్నారో, ‘పప్పు’ అన్నారో తేలదు. తాతగారు “వినబడుతోందిరా, గొణక్కుండా చెప్పు” అని విసుక్కోవడం వెనుక ఉన్న శాస్త్రం ఇదే. తాతగారికి వయసుతో వచ్చినది, పైలట్‌కు ఇంజను రొదతో ముప్పయ్యో ఏటనే మొదలుకావచ్చు.

రేడియోలో వినే మాటకు కూడా ఇదే చిక్కు. నియంత్రకుడు పలికే 5, 9 అంకెలు ఇంగ్లీషులో ఒకేలా తోస్తాయి కనుకనే అంతర్జాతీయ ఉచ్చారణలో 9ని ‘నైనర్’ అనీ, 5ను ‘ఫైఫ్’ అనీ పలుకుతారు. ఇంజను హోరు ఈ హల్లులను కప్పివేస్తుంది. తెలిసీ తెలియని విద్యార్థి ఆ శ్రమలోనే సగం అలసిపోతాడు.

హెడ్‌సెట్ ఈ హోరును రెండు విధాలుగా అడ్డుకుంటుంది. మొదటిది గోడకట్టే పద్ధతి. బరువైన గట్టి గిన్నెలు రెండు, చుట్టూ మెత్తని దిండు, తలను పట్టి ఉంచే వంపు. మసాచుసెట్స్ రాష్ట్రపు వూస్టర్ నగరంలోని డేవిడ్ క్లార్క్ సంస్థ 1975లో మార్కెట్లోకి తెచ్చిన ఆకుపచ్చ గిన్నెల హెడ్‌సెట్ ఈ తరహాకు పేరు తెచ్చింది. ఈ పద్ధతి హెచ్చు పౌనఃపున్యాలను బాగా ఆపుతుంది, తక్కువవాటిని ఆపలేదు. పొరుగు అపార్టుమెంటులో పాట పెడితే మాటలు వినిపించక, డప్పు మాత్రం గోడ దాటి రావడం వంటిదే ఇది. ఇంజను నిమిషానికి 2,400 చుట్లు తిరిగితే సెకనుకు 40 చుట్లు. రెండు రెక్కల పంకా గాలిని సెకనుకు 80 సార్లు కొడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో పేలుళ్లు కూడా సెకనుకు 80. రెండూ కలిసి 80 హెర్ట్జ్ దగ్గర మోగే ఆ బొంగురు మోత గోడలకు లొంగదు.

దీనికి విరుగుడు రెండవ పద్ధతి: శబ్దాన్ని శబ్దంతోనే చంపడం. అల ఉబ్బినచోట దానికి సరిసమానమైన పల్లాన్ని సృష్టిస్తే రెండూ కలిసి చదునవుతాయి. ఈ ఊహకు జర్మనీకి చెందిన పాల్ ల్యూగ్ 1936లోనే అమెరికా పేటెంటు పొందాడు. నాటి ఎలక్ట్రానిక్ పరికరాలు దానికి చాలలేదు. స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని బ్రిటిషువారి నుంచి తప్పించుకొని అమెరికా చేరిన ఒక బెంగాలీ కుమారుడు, ఎమ్.ఐ.టి. ఆచార్యుడు అమర్ బోస్, 1978లో జ్యూరిచ్ నుంచి బోస్టన్‌కు వస్తూ విమానంలో ఇచ్చిన శ్రవణ పరికరంలో రొద తప్ప సంగీతం వినబడక, అక్కడే కూర్చొని లెక్కలు వేయడం ఆరంభించాడు. 1986లో ఆగకుండా, ఇంధనం నింపుకోకుండా భూమిని చుట్టివచ్చిన వాయేజర్ విమానంలోని ఇద్దరి చెవులను కాపాడినవి ఆయన సంస్థ తయారుచేసిన నమూనాలే. 1989లో అవి అమ్మకానికి వచ్చాయి. గిన్నె లోపలి చిన్న మైక్రోఫోను హోరును పట్టుకుంటుంది; దానికి ఎదురైన తరంగాన్ని స్పీకరు వెంటనే పలికిస్తుంది. 80 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం 4 మీటర్ల పైచిలుకు. అంత పొడవైన అలకు గిన్నె అంతా ఒకే బిందువు వంటిది, ఎదురుతరంగం చక్కగా అతుకుతుంది. 4,000 హెర్ట్జ్ అలకు మాత్రం 9 సెంటీమీటర్లయినా ఉండదు. అక్కడ లెక్క తప్పుతుంది. అందుకని హల్లులు వినే కణాలను కాపాడేది ఎంత ఖరీదైన హెడ్‌సెట్‌లోనైనా గోడే.

కొనుగోలులో కీలకం ఇక్కడే ఉంది. గోడ తరహావి కొత్తవి 150 నుంచి 400 డాలర్ల వరకు, ఎదురుతరంగపు రకాలలో పేరున్నవి వెయ్యి డాలర్లకు పైన పలుకుతున్నాయి. కొనసాగుతారో లేదో తెలియని విద్యార్థికి గట్టి గోడ ఉన్న మంచి సాధారణ హెడ్‌సెట్ చాలు. దానికింద డాలరు కూడా చేయని స్పాంజి బిరడాలు చెవిలో పెట్టుకొని, రేడియో ధ్వనిని పెంచుకుంటే రక్షణ మరికొంత పెరుగుతుంది. రెండింటి అంకెలను కూడి చూసుకోరాదు, లాభం అంతకంటే తక్కువే. లైసెన్సు దాకా నిలిచి, దూరప్రయాణాలు మొదలుపెట్టినవారికి ఎదురుతరంగపు హెడ్‌సెట్ అలసట తగ్గించి ఖర్చుకు తగిన సుఖమిస్తుంది. సంగీతానికి వాడే శబ్దనిరోధక హెడ్‌ఫోనుకు మైకు తగిలించి వాడడం చవకగా తోచినా విద్యార్థికి తగదు. వాటి గోడ పలుచన, బ్యాటరీ అయిపోతే మిగిలేది స్వల్పం.

పాతవి కొనడంలో తప్పు లేదు. తీగ ప్లగ్గు దగ్గర చిట్లిందేమో, మైకు కాడ పెట్టినచోట నిలుస్తుందో లేదో చూడాలి. దిండ్లు గట్టిబడి ఉంటే కొత్తవి వేయించుకోవచ్చు, ఖర్చు కొద్దే. చిన్న విమానాలకు రెండు ప్లగ్గులది కావాలి. హెలికాప్టరుకు వాడే ఒంటి ప్లగ్గుది పనికిరాదు. ఒక చెవిలోనే వినిపిస్తే పాడయిందని తిరిగి ఇవ్వకముందు స్టీరియో, మోనో మీట ఎటుందో చూసుకోవాలి.

ఇంతా చేసి దిండుకూ చర్మానికీ మధ్య సందు ఉంటే ఫలితం బాగా తగ్గుతుంది. మందపాటి కళ్లద్దాల కాడ, పెద్ద జూకాలు, దిండు కింద చిక్కిన జడ, టోపీ అంచు – ఏ ఒక్కటి చాలు. కొనేముందు తన కళ్లద్దాలతోనే పెట్టుకొని అరగంట కూర్చొని చూడడం మేలు. నడినెత్తిన నొప్పి పది నిమిషాలలో తెలియదు. మైకు పెదవులకు తాకీ తాకనంత దగ్గరలో ఉండాలి. అది రెండు వైపులనుంచీ ఒకేలా వచ్చే హోరును రద్దుచేసి, ఒకవైపే దగ్గరగా తగిలే మాటను మాత్రం పంపుతుంది. దూరం జరిగితే రెంటికీ తేడా పోతుంది.

లైసెన్సు చేతికొచ్చిన పిల్లలు మొదట ఎక్కించుకునేది ఇంటివారినే. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకూ, వెనుక సీటులోని చెల్లెలికీ కూడా ఆ హోరే. శిక్షణ పాఠశాలలు అద్దెకిచ్చే హెడ్‌సెట్లు ఆ రోజుకు సరిపోతాయి. పసిపిల్లలకు చిన్న తలకు సరిపడే రకాలు వేరుగా దొరుకుతాయి. పెద్దవారివి వాళ్లకు పెడితే గిన్నె చెవి కిందికి జారి, ఒకవైపు తెరుచుకుపోతుంది.