జిడ్డు మరకకు ముందు నీళ్లొద్దు!

పెళ్లి భోజనాల్లో చీరపై కూర ఒలికిందా? ఇందల్వాయి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారిపై బైకు చెయిన్ ఊడి, సరిచేసేసరికి ప్యాంటుకు గ్రీజు అంటిందా? కంగారుపడి నీళ్లు చల్లకండి. నూనె నీటిలో కరగదు.

తడి ఆరని నూనె మరకను రుద్దకుండా కాగితంతో అద్దండి. టాల్కం పౌడరో, మొక్కజొన్న పిండో చల్లి అరగంట ఉంచితే నూనెను పీల్చుకుంటుంది. దులిపేసి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి రుద్ది, గోరువెచ్చని నీటితో ఉతకండి.

గ్రీజైతే ముందు చెంచా అంచుతో గీకేయాలి. కాస్త కొబ్బరినూనె రాస్తే మెత్తబడుతుంది. తర్వాత పై పద్ధతే. కిరోసిన్, పెట్రోలు జోలికి వెళ్లొద్దు. నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

నిజామాబాద్ అంటేనే పసుపు! కూర మరక సబ్బు తగలగానే ఎర్రబడితే బట్ట పాడైందని బెంగపడొద్దు. పసుపులోని కుర్కుమిన్‌కు క్షారం తగిలితే అలాగే రంగు మారుతుంది. బాగా జాడించి ఎండలో ఆరేస్తే క్రమంగా వెలిసిపోతుంది.

పట్టుచీరకు మాత్రం పౌడరు చల్లి, మిగతాది డ్రైక్లీనింగ్‌కు వదిలేయండి.

ఏ బట్టయినా జిడ్డు పూర్తిగా పోయాకే ఇస్త్రీ చేయాలి. వేడి తగిలిన మరక ఓ పట్టాన వదలదు.