ప్రాణం ఖరీదు 500 వరహాలు

కెనడా చలికాలం, శనివారం రాత్రి. బ్రాంప్టన్‌లో ఓ ఇంటి బేస్‌మెంట్‌లో అయిదుగురు తెలుగు కుర్రాళ్లు బల్ల చుట్టూ కూర్చుని, వీరుల పాత్రలతో ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడుతున్నారనుకుందాం. ఒకడి వీరుడు నేలకూలాడు. ఇక వంతు వచ్చినప్పుడల్లా 20 ముఖాల పాచిక వెయ్యాలి. 10 గానీ ఆపైన గానీ పడితే ఒక గెలుపు, తక్కువైతే ఒక ఓటమి. ఏవి ముందు మూడైతే అదే తీర్పు. 1 పడితే రెండు ఓటములు, 20 పడితే లేచి కూర్చుంటాడు. ఎవరూ ఆదుకోకపోతే బతికే అవకాశం 59.5 శాతం. అంటే పడిన అయిదుగురిలో ఇద్దరు దక్కరు.

దక్కనివాణ్ణి మంత్రంతో లేపొచ్చు. అయితే చావు మరీ చవకైతే ఆటలో భయం పోతుంది.

ధరల పట్టీ

2014 నియమాల పుస్తకం ప్రకారం (బంగారు నాణేన్ని వరహా అనుకుందాం):

• రివివిఫై: పోయి నిమిషం దాటకూడదు. 300 వరహాల వజ్రాలు.
• రెయిజ్ డెడ్: 10 రోజుల్లోపు. 500 వరహాల వజ్రం.
• రిసరెక్షన్: 100 ఏళ్లలోపు. 1,000 వరహాల వజ్రం.
• ట్రూ రిసరెక్షన్: 200 ఏళ్లలోపు. 25,000 వరహాల వజ్రాలు. శవం కూడా అక్కర్లేదు. అయినా వయసు మీరి పోయినవాణ్ణి లేపలేదు.

మంత్రం చదవగానే వజ్రం మాయమైపోతుంది.

కూలి లెక్కలో చూస్తే

అదే పుస్తకంలో పనితనం ఉన్నవాడి రోజు కూలి 2 వరహాలు. 500 వరహాలంటే అతనికి 250 రోజుల కష్టం. మామూలు కూలీకి 2,500 రోజులు, దాదాపు ఏడేళ్లు. గుహల్లో నిధులు తవ్వుకొచ్చే వీరులకు మాత్రం అదో లెక్క కాదు. కాబట్టి ఆట నడిపే గేమ్ మాస్టర్ ధర పెంచి లాభం లేదు, సరుకు తగ్గించాలి. ఊరంతటికీ ఒక్కటే వజ్రం ఉంది, దాన్ని ఓ తల్లి తన బిడ్డ కోసం అడిగి పెట్టుకుందనుకోండి. అప్పుడు చెయ్యి ఆగుతుంది.

నాలుగు రాత్రులు

రెయిజ్ డెడ్‌తో లేచినవాడి పాచికలో 4 తగ్గుతుంది. ఒక్కో అంకె 5 శాతం కాబట్టి దాడి చేసినా, తప్పించుకున్నా గెలిచే అవకాశం 20 శాతం పాయింట్ల మేర పడిపోతుంది. రాత్రి నిద్రకు ఒకటి చొప్పున తేరుకోవడానికి నాలుగు రాత్రులు. ఆ నాలుగూ ‘తెల్లారింది’ అని ఒక్క ముక్కలో దాటేస్తే ఆ శిక్ష కాగితం మీదే ఉండిపోతుంది. శత్రువు రెండో రాత్రే తలుపు తట్టాలి.

లోడ్ బటన్ లేని చోట

ఈ ఆటకు పేరుమోసిన లోకం ‘ఫర్గాటెన్ రెల్మ్స్’ను అల్లింది టొరంటోలో పుట్టిన ఎడ్ గ్రీన్‌వుడ్. అది 1987లో ఆటగా అచ్చయింది. ఆ లోకాన్నే 1998లో ఎడ్మంటన్ సంస్థ బయోవేర్ ‘బాల్డర్స్ గేట్’గా కంప్యూటర్‌లోకి తెచ్చింది. అందులో తోడున్నవాడు చస్తే గుడికి వెళ్లి రుసుము కట్టి లేపించుకోవచ్చు. కానీ పాత సేవ్ లోడ్ చేసుకుంటే పైసా ఖర్చుండదు. బల్ల దగ్గర ఆ సౌకర్యం లేదు. అందుకే 2017లో ‘టాల్‌డొరే’ పుస్తకంలో గేమ్ మాస్టర్ మాథ్యూ మెర్సర్ ఓ పద్ధతి పెట్టాడు: లేపాలంటే పాచిక వెయ్యాలి, అందుకోవాల్సిన అంకె 10తో మొదలై, అంతకుముందు బతికొచ్చిన ప్రతిసారికీ 1 పెరుగుతుంది.

ఈ చిక్కు మనకు పాతదే. మహాభారతం ఆదిపర్వంలో, రాక్షసుల గురువు శుక్రాచార్యుడి దగ్గరికి దేవతల పక్షం నుంచి శిష్యుడిగా వచ్చిన కచుణ్ణి రాక్షసులు మూడుసార్లు చంపారు. రెండుసార్లు శుక్రాచార్యుడు పిలవగానే వచ్చేశాడు. మూడోసారి బూడిద చేసి, కల్లులో కలిపి, గురువుకే తాగించారు. శిష్యుడు బయటికి రావాలంటే గురువు పొట్ట చీలాలి. అందుకని శుక్రుడు ఎన్నడూ ఎవరికీ చెప్పని ఆ బతికించే మంత్రాన్ని కడుపులో ఉన్న శత్రుపక్షం కుర్రాడికే నేర్పాల్సొచ్చింది. బయటికొచ్చిన శిష్యుడు అదే మంత్రంతో తనను బతికించాక శుక్రుడు మద్యాన్ని శపించాడు. ఒకడు తిరిగొచ్చినందుకు లోకంలో ఓ కొత్త కట్టుబాటు పుట్టింది.