తెర ముందు పసి శిష్యులు

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు మసీదులతో పాటు మక్తబులూ మూతపడ్డాయి. సరిగ్గా నెల రోజులకు, ఏప్రిల్ 25న, రమజాను మొదటి ఉపవాసం వచ్చింది. తరావీహ్ నమాజులు ఇళ్ళలోనే జరిగాయి. పిల్లల ఖుర్ఆన్ పాఠాలు సెల్‌ఫోన్ తెర మీదికి చేరాయి. వ్యాధి తగ్గుముఖం పట్టాక మక్తబులు మళ్ళీ తెరుచుకున్నాయి గాని, తెర మీది పాఠం మాత్రం నిలిచిపోయింది. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్ళిన కుటుంబాలు, హైదరాబాదు నుంచి జిద్దాకూ అమెరికాకూ వెళ్ళిన కుటుంబాలు, మక్తబు లేని పల్లెల్లో నాలుగైదు గడపలుగా ఉన్న మన ఇళ్ళు నేడు ఈ పాఠం మీదనే ఆధారపడి ఉన్నాయి.

“మౌలానా, మా అబ్బాయి అయిదు నిమిషాలైనా కుదురుగా కూర్చోడు. మీరు పిలిచినా పలకడు. ఏం చేయాలి?” తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీనికి పరిష్కారంగా కొందరు ఉపాధ్యాయులు రంగుల బొమ్మలు, ఆటలు, చప్పట్ల చప్పుళ్ళు, నక్షత్రాల బహుమతులు తెర మీదికి తెస్తున్నారు. వాటిలో దోషమేమీ లేదు. కాని బొమ్మలు చూపడంలో కార్టూన్ చిత్రాలతో పోటీపడి ఏ ఉస్తాదూ గెలవలేడు. తెరను చూస్తూ ఉండిపోవడం పిల్లవాడికి ముందే అలవాటైన పని. ఖుర్ఆన్ పాఠం చదివి వినిపించవలసిన పాఠం. అందులో వాడి నాలుకకు పని దొరికితే కుదురు దానంతట అదే వస్తుంది.

మక్తబులోని హోరు

మక్తబును ఎరిగినవారికి అక్కడి చప్పుడు గుర్తుండే ఉంటుంది. ఇరవై మంది పిల్లలు చాప మీద వరుసగా కూర్చుని, రేహళ్ళ మీద ఖాయిదాలూ పారాలూ తెరిచి, ముందుకూ వెనక్కూ ఊగుతూ, ఎవరి సబఖు వారు గొంతెత్తి చదువుతుంటారు. బయటివారికి అది తేనెపట్టు హోరులా వినబడుతుంది. ఉస్తాదు ఒకరి సబఖు వింటూనే, మూడో వరుసలో ఎవరో ‘ఐన్’ను ‘అలిఫ్’గా పలికితే కూర్చున్న చోటు నుంచే సరిదిద్దుతాడు. తన వంతు రాని పిల్లవాడు కూడా అక్కడ ఖాళీగా ఉండడు.

ఈ ఏర్పాటు తెర మీద సాగదు. వీడియో యాప్‌లు సాధారణంగా ఒక సమయంలో ఒక గొంతునే ముందుకు తెచ్చి, మిగతావాటిని అణచివేస్తాయి. పైగా మాట ఒక ఇంటి నుంచి మరో ఇంటికి చేరడంలో కొంత ఆలస్యం ఉంటుంది. అందరూ కలిసి ఒక సూరా చదవబోతే ఒకరి వెనుక ఒకరు పడి, చివరకు గందరగోళమే మిగులుతుంది. కాబట్టి ఉస్తాదు అందరి మైకులూ మూయించి ఒక్కొక్కరినే పిలవవలసి వస్తుంది. ఇక లెక్క చూడండి. 30 నిమిషాల పాఠంలో 15 మంది పిల్లలుంటే ఒక్కొక్కరికి దక్కేది 2 నిమిషాలు. మిగిలిన 28 నిమిషాలు ఆరేళ్ళ పసివాడు మైకు మూసుకుని ఇతరుల ముఖాలు చూస్తూ కూర్చోవాలి. వాడు దిండు మీద దొర్లినా, కెమెరాకు నాలుక చూపినా, ఆ నేరం వాడిది కాదు. జుమా ప్రసంగంలో 28 నిమిషాలు కునుకు రాకుండా కూర్చునే పెద్దలనే మేము అరుదుగా చూశాము.

నష్టం విసుగుతో ఆగిపోతే బాధ లేదు. మైకు మూసి ఉన్నంతసేపు పిల్లవాడు చదివే తప్పు ఎవరి చెవికీ చేరదు. ‘ఖల్బ్’ అంటే హృదయం, ‘కల్బ్’ అంటే కుక్క. రెండింటి మధ్య తేడా మొదటి అక్షరమే. ఆ తేడా పసితనంలో నాలుకకు అబ్బకపోతే నలభై ఏళ్ళ వయసులో దిద్దుకోవడం ఎంత కష్టమో పెద్దలకు తజ్వీద్ నేర్పే ప్రతి ఉస్తాదుకూ తెలుసు. తెలుగు లిపిలో రాసుకున్న కాగితాల నుంచి సూరాలు కంఠస్థం చేసే ఇళ్ళలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. ‘ఖాఫ్’కూ ‘ఖా’కూ మన లిపిలో ఉన్నది ఒకే ‘ఖ’. ‘సా’, ‘సీన్’, ‘సాద్’ మూడూ ఒకే ‘స’లో కలిసిపోతాయి. ‘జాల్’, ‘జా’, ‘జాద్’, ‘జో’ నాలుగింటికీ ‘జ’ ఒక్కటే దిక్కు. ఈ అక్షరాలను చెవితో విని, నోటితో అప్పగించి నేర్చుకోవలసిందే. ఆరు నెలలపాటు ప్రతిరోజూ తెర ముందు హాజరై, ఆరు నెలల తరువాత కూడా ‘అల్‌హమ్దు’లోని ‘హా’ పలకలేని పిల్లలు మా వద్దకు వస్తున్నారు. వారు బద్ధకస్తులు కారు. వారి చదువును ఎవరూ వినలేదు, అంతే.

వినే ఉస్తాదు

దైవప్రవక్త (సఅసం) ఒక సందర్భంలో అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) గారిని ఖుర్ఆన్ చదివి వినిపించమని కోరారు. ఎవరి మీద గ్రంథం అవతరించిందో వారికే తాను వినిపించడమా అని ఆయన సంకోచించారు. ఇతరుల నోట వినడం తమకు ఇష్టమని ప్రవక్త (సఅసం) సెలవిచ్చారు. ఆయన ‘నిసా’ సూరా చదువుతూ 41వ ఆయతుకు చేరేసరికి ప్రవక్త (సఅసం) కళ్ళు చెమర్చి ఉన్నాయి. బుఖారీలో ఉన్న ఈ ఉదంతాన్ని మేము యువ ఉస్తాదులకు పదేపదే గుర్తు చేస్తాము. అదే అబ్దుల్లాహ్ (రజి) గారు, తన చేతిని తమ రెండు చేతుల మధ్య పట్టుకుని ప్రవక్త (సఅసం) తనకు తషహ్హుద్ నేర్పారని కూడా చెప్పుకున్నారు. తెర మీది పాఠంలో ఆ చేయి లేదు. చేయి పట్టుకోలేని ఉస్తాదు కనీసం చెవి ఒగ్గాలి.

చెవి ఒగ్గడానికి మొదటి షరతు సంఖ్యను తగ్గించడం. పదేళ్ళ లోపు పిల్లలైతే నలుగురికి మించి ఒక పాఠంలో కూర్చోబెట్టము. పాఠం 20 నిమిషాలు. ఒకరు చదువుతుండగా మిగిలిన ముగ్గురూ అదే పంక్తి మీద వేలు పెట్టి వినాలి. తప్పు వినబడితే మధ్యలో అరవకూడదు, చేయి ఎత్తాలి. తప్పు ఎక్కడ దొర్లిందో చేయి ఎత్తినవాడే చదివి చూపాలి. పిలిచే వరుస రోజూ మారుతుంది. ఈ చిన్న ఏర్పాటుతో వంతు రాని పిల్లవాడికి కూడా పని దొరుకుతుంది. ఇతరుల తప్పు పట్టడంలో పసివారికి ఉండే ఉత్సాహం పాఠకులకు తెలియనిది కాదు. దానిని మంచి పనికి వాడుకోవచ్చు.

15 మందిని ఈ విధంగా విభజిస్తే ఉస్తాదుకు అరగంట పని గంటా ఇరవై నిమిషాలవుతుంది. ఈ మాట తల్లిదండ్రులు శ్రద్ధగా వినాలి. తక్కువ రుసుముకు ముప్పై మంది పిల్లలను ఒకే తెరలో నింపే చోట జరిగేది పాఠం కాదు, హాజరు వేయడం. ట్యూషన్లకు వేలు చెల్లించే ఇళ్ళలో ఖుర్ఆన్ నేర్పే ఉస్తాదు జీతం దగ్గరకు వచ్చేసరికి బేరం మొదలవడం మాకు ఎన్నడూ అర్థం కాలేదు.

రెండో ఉపాయం వాట్సాప్ వాయిస్ సందేశం. పిల్లవాడు మూడు పంక్తుల సబఖు చదివి రికార్డు చేసి పంపుతాడు. ఉస్తాదు తీరిక వేళ విని, తప్పిన అక్షరాన్ని తన గొంతుతో పలికి తిరిగి పంపుతాడు. ఇందులో మేము గమనించిన వింత ఒకటి ఉంది. పంపే ముందు పిల్లలు తమ గొంతు తామే విని, నచ్చక చెరిపేసి, మూడు నాలుగు సార్లు మళ్ళీ చదువుతారు. పదిసార్లు చదవమని చెబితే ముఖం ముడుచుకునే పిల్లవాడే ఇక్కడ ఎవరూ చెప్పకుండా చదువుతున్నాడు.

బిడియపడే పిల్లలకు ఈ మార్గం మరీ మేలు చేస్తుంది. ప్రవక్త (సఅసం) ఒకసారి సహచరులను పొడుపుకథ లాంటి ప్రశ్న అడిగారు: ఆకు రాలని, విశ్వాసిని పోలిన చెట్టు ఏది? అందరూ ఎడారి చెట్ల పేర్లు తలచుకుంటున్నారు. అది ఖర్జూరపు చెట్టని ఇబ్ను ఉమర్ (రజి) గారికి తోచింది. పెద్దల మధ్య తాను చిన్నవాణ్ణని సిగ్గుపడి ఆయన నోరు విప్పలేదు. తరువాత ఆ సంగతి తండ్రికి చెబితే, నువ్వు చెప్పి ఉంటే నాకెంతో సంతోషంగా ఉండేదన్నారు ఉమర్ (రజి). జవాబు తెలిసి కూడా మౌనంగా ఉండే అటువంటి పిల్లలు ప్రతి తెరలోనూ ఒకరిద్దరు ఉంటారు. వారిని హఠాత్తుగా పిలిచి బెదరగొట్టకూడదు. రేపు ఫలానా ఆయతు నీదే అని ముందు రోజే చెప్పి ఉంచితే, మరునాడు వారే ముందుగా వచ్చి కూర్చుంటారు.

మక్తబు ఇవ్వలేనిది తెర ఇచ్చే సందర్భమూ ఒకటుంది. వెనుక వరుసలోని పిల్లవాడికి ఉస్తాదు నోరు కనబడదు. ఇక్కడ ఉస్తాదు కెమెరా దగ్గరికి జరిగితే పెదవులూ పళ్ళూ నాలుక కొనా స్పష్టంగా కనబడతాయి. ‘సా’, ‘జాల్’, ‘జో’ అక్షరాలకు నాలుక కొన పైముందరి పళ్ళ అంచును తాకుతుంది. ‘ఫా’ పలికేటప్పుడు ఆ పళ్ళ అంచు కింది పెదవికి ఆనుతుంది. ‘బా’, ‘మీమ్’ అక్షరాలకు పెదవులు రెండూ కలుస్తాయి. పిల్లల చేతికి చిన్న అద్దం ఇచ్చి, మా నోరూ తమ నోరూ పోల్చి చూసుకోమంటే వారికి అది పాఠమనే తోచదు. గొంతులో నుంచి వచ్చే ఆరు అక్షరాలకు మాత్రం కెమెరా పనికిరాదు, చెవే శరణ్యం. అక్కడ యంత్రం మరో చిక్కు తెస్తుంది. చుట్టుపక్కల చప్పుడును తొలగించే ఏర్పాటు కొన్నిసార్లు మెత్తని ‘హా’ను కూడా చప్పుడుగా భావించి మింగేస్తుంది. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ అనే అమరిక ఉంది. దానిని తెరిస్తే గొంతు ఉన్నది ఉన్నట్లు వినబడుతుంది. ఆ అమరిక తెరిచాక ఫ్యాను, కుక్కరు కూడా వినబడతాయి. గది తలుపు వేసుకోవడం తప్పదు.

భాష మాటా ఒకటి చెప్పాలి. ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలు మన రాష్ట్రాలలో అనేకం. ఆ పిల్లవాడికి మఖ్రజ్ గురించి ఫసీహ్ ఉర్దూలో వివరిస్తే మర్యాద కొద్దీ తల ఊపుతాడు, ఏమీ గ్రహించడు. ‘నాలుక కొన పళ్ళ అంచుకు ఆనించు నాన్నా’ అంటే మరుక్షణమే చేసి చూపుతాడు. ఉర్దూ నేర్పడం మంచిదే, కాని అది వేరే పాఠం.

ఇంటివారి పాలు

పాఠానికి ముందు వుజూ చేయించి, టోపీ పెట్టించి, జానమాజ్ మీద కూర్చోబెట్టండి. మంచం మీద పడుకుని చదివే పిల్లవాడికీ ఇలా కూర్చున్నవాడికీ మధ్య తేడా మాకు తెరలోనే తెలిసిపోతుంది. ఖాయిదా పుస్తకం రేహల్ మీద ఉండాలి. పుస్తకాన్ని కూడా అదే ఫోనులో చూపితే పిల్లవాడి వేలు ఆయతు మీద కాక మరో చోటికి జారుతుంది. ఫోనును చేతికి ఇవ్వకుండా కళ్ళ ఎత్తున ఆనించి నిలబెట్టండి. ఆకలితో కూర్చోబెట్టకండి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. ఇక్కడ రాత్రి 8 గంటలకు పాఠం పెడితే అక్కడ సాయంత్రం అయిదున్నర అవుతుంది, పిల్లవాడు బడి నుంచి వచ్చి తిని కాస్త ఆడుకుని ఉంటాడు. రాత్రి 10 గంటలకు పెడితే ఇక్కడ ఉస్తాదుకు నిద్ర, అక్కడ శిష్యుడికి హోంవర్కు.

తల్లులకు ఒక మనవి. మీరు కెమెరాకు కనబడకుండా పక్కన కూర్చుని జవాబులు అందిస్తారు. మీ గుసగుస మాకు వినబడుతూనే ఉంటుంది. తప్పు పలకనివ్వండి, దిద్దడానికే మేమున్నాము. తండ్రులకు మరో మనవి. పాఠం ముగిసిన వెంటనే ‘అన్ని తప్పులా?’ అని గద్దించకండి. ఆ గద్దింపు మరునాటి పాఠంలో మౌనంగా మాకు తిరిగి వస్తుంది.

కెమెరాను గోడ వైపు తిప్పి ఉంచితే ఇంటి ఆడవారు ఇబ్బంది లేకుండా తిరగగలరు. ఎదిగిన ఆడపిల్లలకు ఆలిమాలే పాఠం చెప్పడం శ్రేయస్కరం. పిల్లల పాఠాల వీడియోలను స్టేటస్‌లలో పెట్టే అలవాటును ఉస్తాదులూ తల్లిదండ్రులూ ఇద్దరూ మానాలి.

ఇక హిఫ్జ్ విషయం. నాజిరా వరకు తెర సరిపోతుంది. హిఫ్జ్‌కు అది ఒక్కటే చాలదని మా నిశ్చితాభిప్రాయం. కొత్త సబఖు వినడానికి ఉస్తాదు ఉన్నాడు గాని, రోజూ ఒక పారా చొప్పున తిరగవేయవలసిన ఆమోఖ్తాను ఎవరు వింటారు? జిబ్రీల్ (అలైహిస్సలాం) ప్రతి రమజానులో ప్రవక్త (సఅసం) గారితో ఖుర్ఆన్‌ను పునశ్చరణ చేసేవారు, చివరి సంవత్సరం రెండుసార్లు చేశారు. ఇంట్లో వినేవారు లేనిదే పసివాణ్ణి తెర మీద హిఫ్జ్‌లో చేర్చవద్దని మేము తల్లిదండ్రులకు చెబుతాము. ఆ వినేవారు హాఫిజ్ కానవసరం లేదు, ముస్‌హఫ్ చూసి సరిగా చదవగలిగితే చాలు. చాలా ఇళ్ళలో ఆ పని దాదీ గాని నానీ గాని చేయగలదు. అసర్ తరువాత అర్ధగంట ఆమె ముస్‌హఫ్ తెరిచి కూర్చుంటుంది, మనవడు ఎదురుగా కూర్చుని చదువుతాడు. నానీ రాయచోటిలో, మనవడు కువైట్‌లో ఉన్నా ఫోను కలుపుకుని వినవచ్చు. దానికి వీడియో కూడా అవసరం లేదు.