దూబగుంట, డబ్లిన్: చరిత్ర ఎవరి పేరన?

కలిగిరి మండలం దూబగుంట సారా పోరాటం మీద చర్చ ఎక్కడ మొదలైనా నాయకుల దగ్గరే ఆగిపోతోంది. నిషేధం ఘనత విజయభాస్కర రెడ్డిదా, ఎన్టీ రామారావుదా? 1997లో సడలించిన చంద్రబాబుది ద్రోహమా, లౌక్యమా? సారా వేలంపాటల్ని ఆపిన ఆడవాళ్ళు మాత్రం యీ వాదనలో ఉత్త గుంపు. యిది మన వొక్కరి జబ్బు కాదు. వి.వి. గిరి లా చదివిన ఐర్లండులోనూ వుంది.

1916 ఏప్రిల్‌లో బ్రిటిష్ పాలన మీద డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగింది. 29న నాయకుడు పాట్రిక్ పియర్స్ లొంగిపోతున్న ఫొటో వొకటుంది. ఆయన అవతలి పక్క నర్సు ఎలిజబెత్ ఓఫారెల్ నిలబడింది. తెల్లజెండాతో వెళ్ళి లొంగుబాటు కబురు మోసింది ఆమే. ఫొటోలో కనపడేది ఆమె పాదాలే. కొన్ని అచ్చుల్లో వాటినీ చెరిపేశారు! తిరుగుబాటు ప్రకటన స్త్రీ పురుషులిద్దర్నీ పిలిచింది గాని, డి వలేరా తన దళంలోకి ఆడవాళ్ళను రానివ్వలేదు. ఆయన తెచ్చిన 1937 రాజ్యాంగం స్త్రీ చోటు యిల్లేనన్నట్టు రాసుకుంది. ఆ వాక్యాన్ని మార్చే ప్రతిపాదన 2024లోనూ వోటింగులో వీగిపోయింది. కార్మికుల సేనతో వచ్చిన జేమ్స్ కానలీని కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. ఆయనకు విగ్రహం దక్కింది, ఆయన కోరిన కార్మిక రాజ్యం రాలేదు. ముందు దేశం, మీ సంగతి తర్వాత! అంబేద్కర్ జీవితమంతా విన్న మాటే యిది.

దూబగుంటకొద్దాం. అక్షరాస్యతా ఉద్యమం రాత్రి బడుల్లో ‘సీతమ్మ కథ’ పాఠం చదివిన ఆడవాళ్ళు 1992లో నెల్లూరు జిల్లా అంతటా సారా దుకాణాల మీదికి నడిచారు. వాళ్ళలో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల కూలీలు. తాగునీళ్ళు రాని పల్లెకు సారా ప్యాకెట్లు ఎట్లా వస్తున్నాయనేది వాళ్ళ ప్రశ్న. ప్రభుత్వానికి అది ఎక్సైజు ఆదాయం, వాళ్ళకు మొగుడు తాగేసిన కూలి డబ్బులు, రాత్రి తిన్న దెబ్బలు. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించక తప్పలేదు. ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం 1995లో వచ్చింది. ప్యాకెట్ సారా పల్లెల్లో పారింది కూడా 1980ల నాటి ఆయన పాలనలోనే, యిది మర్చిపోకూడదు.

రోశమ్మ పేరొక్కటి పుస్తకాలకెక్కింది. తక్కినవాళ్ళు? యీ మండలాల్లో చదువు చెప్పే, చదువుకునే మిత్రుల్ని మేము అడిగేది వొకటే. పెద్దమనుషుల అరుగుల మీద ఆగకుండా వాడల్లోకి పోండి. దుకాణం మీదికి ఎవరెవరు పోయారు, ఎన్ని రోజుల కూలి పోగొట్టుకున్నారు, యింట్లో ఎవరు కొట్టారు, వూళ్ళో ఎవరు బెదిరించారు – వాళ్ళు బతికుండగానే రాసుకోండి.