వేయి పుటలలో ఒక్క మాట

ఒక తెలుగు సంఘం ఇరవై యేళ్లుగా తన ఉత్సవాల వివరాలను, సభ్యుల కథలను, కవితలను వెబ్ పుటలుగా దాచుకొన్నదనుకోండి. సంఘపు వెబ్ చిరునామా మారింది. పాత చిరునామా వందలాది ఫైళ్లలో మిగిలి ఉన్నది. ఒక్కొక్కటి తెరచి దిద్దడం అయ్యే పని కాదు. ఇటువంటి పనులకు అక్కరకు వచ్చే 'సెడ్' అనే సాధనాన్ని బెల్ ప్రయోగశాలలో లీ మెక్‌మహన్ 1973-74లో, అనగా వెబ్ పుట్టుకకు చాలా ముందే, రూపొందించారు. ఒక్క పంక్తి ఆదేశంతో వేయి ఫైళ్లు మారుతాయి. ఆదేశం తప్పైతే వేయి ఫైళ్లూ చెడుతాయి.

సెడ్ ఫైలును పంక్తి వెంట పంక్తిగా చదివి, మార్చిన పాఠాన్ని తెరపై చూపుతుంది. అసలు ఫైలు జోలికి పోదు. ఇది చూసి కొత్తవారు ఫలితాన్ని అదే ఫైలులోకి మళ్లిస్తారు. అనర్థమంతా అక్కడే. ఆదేశాలను అందుకొనే 'షెల్', సెడ్‌ను పిలువక ముందే ఆ ఫైలును ఖాళీ చేసి ఉంచుతుంది. వడ్డన కాకముందే కుండ కడిగినట్లు, సెడ్ చదవబోయేసరికి అందులో ఒక్క అక్షరమూ ఉండదు.

ఆదేశానికి 'ఐ' అనే సూచకం చేరిస్తే అసలు ఫైలే మారుతుంది. దానికి ఒక తోకపేరు తగిలిస్తే పాత ప్రతి ఆ పేరుతో భద్రంగా నిలుస్తుంది. లినక్స్‌లో ఈ తోక ఐచ్ఛికం. మాక్ కంప్యూటర్లలోని సెడ్‌కు మాత్రం తోకపేరు, కనీసం ఖాళీదైనా, ఇచ్చి తీరాలి. లేకుంటే మార్పు ఆదేశాన్నే తోకగా భావించి, ఫైలు పేరును ఆదేశమనుకొని తడబడుతుంది.

వెదికే మాటలోని చుక్క సెడ్‌కు చుక్క కాదు. ఏదో ఒక అక్షరమని అర్థం. వెబ్ చిరునామాలలో చుక్కలకు కొదవ లేదు గదా! కొత్త మాటలో ఆంపర్‌సాండ్ ఉంటే ఆ చోట పాత మాటే తిరిగి వచ్చి కూర్చుంటుంది. ఈ రెండింటి ముందూ వెనుకకు వాలిన గీత ఉంచాలి. పంక్తికి ఒక్కచోట మాత్రమే మారితే ఆదేశం చివర 'జి' మరచినట్లు.

తెలుగు పాఠంలో చిక్కు మరింత సూక్ష్మమైనది. 'కల'ను 'స్వప్నం'గా మార్చమంటే 'సకల' కాస్తా 'సస్వప్నం' అవుతుంది. 'కలిమి'కి పట్టే గతి ఇంకా విచిత్రం. యూనికోడ్‌లో 'లి' అనగా 'ల', దాని వెనుక విడిగా గుడి. చదువరికి ఒక్క అక్షరం, యంత్రానికి రెండు సంకేతాలు. అందుచేత 'కల' మారిపోయి, గుడి ఆధారం లేక వేలాడుతుంది.

యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చినా, ఆ దశాబ్దపు తెలుగు పుటలెన్నో ప్రత్యేక ఫాంట్లపై ఆధారపడ్డాయి. తెరపై కనిపించేది తెలుగే. ఫైలు లోపల ఉన్నవి రోమన్ అక్షరాలకు, ఇతర చిహ్నాలకు చెందిన సంకేతాలు. అటువంటి పుటలో తెలుగు మాట ఎంత వెదికినా సెడ్‌కు దొరకదు. వాటిని ముందుగా యూనికోడ్‌లోనికి మార్చుకోవాలి.

ఆ పైన మొత్తానికి ఒక నకలు తీసి, 'గ్రెప్' ఆదేశంతో ఆ మాట ఉన్న పంక్తులన్నీ చూడవచ్చు. 'సకల', 'కలిమి' అక్కడే బయటపడతాయి.