ఉన్నవాళ్లతోనే గెలుపు

కాలిఫోర్నియాలో మన తెలుగువాళ్లు బాగా స్థిరపడిన ఊళ్లలో ఫ్రీమాంట్ ఒకటి. మా అమ్మాయి వాళ్లూ ఇక్కడే ఉంటారు. ఈ ఊళ్లో వాషింగ్టన్ హైస్కూల్ అని ఒక పాత బడి ఉంది. 1957లో అక్కడి పిల్లలకు ఫుట్‌బాల్, ఈత నేర్పడానికి పాతికేళ్ల కుర్రాడు ఒకడు చేరాడు. పేరు బిల్ వాల్ష్. ఇవాళ టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఏది పెట్టినా, ఆయన నేర్పిన ఆట ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకేనేమో, ఆయన గెలిచిన కప్పుల కంటే ఆయన పాఠం చెప్పిన తీరు నన్ను ఎక్కువ పట్టుకుంది.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. జట్టుకు పదకొండు మంది. మైదానం పొడవు 100 గజాలు, వెడల్పు 53 గజాల పైచిలుకు. బంతి దక్కిన జట్టుకు నాలుగు అవకాశాలుంటాయి. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు వస్తాయి, లేకపోతే బంతి అవతలివాళ్లకు పోతుంది. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆట నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్. భారీకాయులు మీదికి ఉరికి వస్తుంటే, బంతి ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. కోచ్ వారమంతా పడే కష్టం ఆ రెండు మూడు సెకన్ల కోసమే.

హైస్కూల్ నుంచి వాల్ష్ బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి, అక్కడినుంచి స్టాన్‌ఫర్డ్‌కి అసిస్టెంట్‌గా వెళ్లాడు. ఒక ఏడాది ఓక్లండ్ రైడర్స్ దగ్గర చేశాడు. 1968లో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటీలో బెంగాల్స్ అనే కొత్త జట్టు బరిలోకి దిగింది. దాని పెద్ద పాల్ బ్రౌన్, అప్పటికే ఆ ఆటలో పేరుమోసిన గురువు. వాల్ష్ ఆయన దగ్గర చేరాడు. అసలు కథ అక్కడే మొదలైంది.

1969లో ఆ జట్టుకు గ్రెగ్ కుక్ అనే కుర్ర క్వార్టర్‌బ్యాక్ దొరికాడు. బంతిని ఎంత దూరమైనా విసరగల చెయ్యి. మొదటి ఏడాదే అతని భుజం దెబ్బతింది, ఆ చెయ్యి మళ్లీ మునుపటిలా కాలేదు. అతని స్థానంలో 1970లో వచ్చినవాడు వర్జిల్ కార్టర్. దూరం విసిరే బలం లేదు. కానీ దగ్గరి బంతి గురి తప్పడు, బుర్ర చురుకు. ఆ బుర్ర ఎలాంటిదంటే, మైదానంలో ఏ గీత దగ్గర బంతి చేతిలో ఉంటే సగటున ఎన్ని పాయింట్ల విలువో లెక్కగట్టి, రాబర్ట్ మాకోల్ అనే ప్రొఫెసర్‌తో కలిసి 1971లో ఒక పరిశోధన పత్రమే ప్రచురించాడు. ఆడుతున్న రోజుల్లోనే! ఇది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇంకో కోచ్ అయితే చెయ్యి బలమున్నవాణ్ణి వెతుక్కునేవాడు. వాల్ష్ ఆటనే మార్చాడు. పొడవునా దూరంగా విసరడం మానేసి, వెడల్పునా దగ్గరగా, త్వరత్వరగా విసిరే పద్ధతి అల్లాడు. క్వార్టర్‌బ్యాక్ వెనక్కి వేసే అడుగులు మూడా, అయిదా, ఏడా అన్నది ముందే నిర్ణయం. బంతి అందుకోవాల్సినవాడు ఎన్ని అడుగులు పరిగెత్తి ఎటు తిరగాలో దానికి సరిపోయేలా లెక్క. ఇతని ఆఖరి అడుగు నేలను తాకేసరికి బంతి చేతినుంచి వెళ్లిపోవాలి. మొదటివాడు ఖాళీగా లేకపోతే రెండోవాడు, ఆ తర్వాత మూడోవాడు. చూడాల్సిన వరుస కూడా ముందే ఖాయం.

మా మనవడు ఒక పాత మ్యాచ్ వీడియోను ఆపి చూపించాడు. "తాతయ్యా, ఇక్కడ చూడు, బంతి అప్పుడే గాల్లో ఉంది. పట్టుకోవాల్సినవాడు ఇంకా వెనక్కి తిరగనే లేదు" అన్నాడు. నిజమే. మనిషి ఉన్న చోటికి కాదు, ఉండబోయే చోటికి విసురుతున్నారు. వాడు తిరిగేసరికి బంతి ఛాతీ దగ్గరికి వచ్చేసింది. రెండు కదలికల సమయాలను ముడిపెట్టే లెక్కలు నేను బోర్డు మీద చాలాకాలం చేయించాను. మీదికి మనుషులు దూకుతుండగా అదే లెక్కను కాళ్లకు నేర్పించడం ఎంత కష్టమో నాకు కొంత ఊహకు అందుతుంది.

ఆయన ఇంకో అలవాటు కూడా అక్కడే మొదలైంది. మ్యాచ్‌లో మొదట ఏ ఎత్తులు వేస్తావని పాల్ బ్రౌన్ అడిగేవాడు. నాలుగైదు ఎత్తులతో మొదలైన ఆ జాబితా పోనుపోను పాతిక దాకా పెరిగింది. జనం హోరులో, గుండె దడదడలాడుతున్నప్పుడు బుర్ర సరిగా పనిచేయదని ఆయన నమ్మకం. అందుకే ప్రశాంతంగా ఉన్నప్పుడే ఆలోచించి కాగితం మీద పెట్టేవాడు.

1976 ఆరంభంలో బ్రౌన్ కోచింగ్ నుంచి తప్పుకుంటూ ఆ పదవిని ఇంకొకరికి ఇచ్చాడు. ఎనిమిదేళ్లు పనిచేసిన వాల్ష్‌కు అది తీరని గాయం. అక్కడినుంచి శాన్ డియేగో వెళ్లి ఒక ఏడాది చేశాడు. 1977లో స్టాన్‌ఫర్డ్ ఆయనను ప్రధాన కోచ్‌ని చేసింది. రెండేళ్లూ సీజన్ చివరి బౌల్ మ్యాచ్‌లు గెలిచి చూపించాడు. 1979లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ పిలిచేనాటికి ఆయన వయసు 47.

తొలి ఏడాది 16 మ్యాచ్‌లలో గెలిచినవి రెండే. మరుసటి ఏడాది వరసగా ఓడుతున్న రోజుల్లో, మయామీలో ఓడి తిరిగివస్తూ విమానంలో చీకట్లో కూర్చుని ఏడ్చానని ఆయనే తర్వాత చెప్పాడు. రాజీనామా చేసేద్దామనుకున్నాడట. కానీ చెయ్యలేదు. ఉన్నవాళ్లతోనే మళ్లీ పనిలో పడ్డాడు. క్వార్టర్‌బ్యాక్ జో మోంటానాను 1979 డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునేచోట, 82వ ఎంపికగా తీసుకున్నారు. అప్పటిదాకా మిగతా జట్లన్నీ అతన్ని వదిలేశాయి. అతని చెయ్యి కూడా గొప్ప బలమైనదేమీ కాదు. బంతి అందుకునే డ్వైట్ క్లార్క్ అయితే అదే ఏడాది పదో రౌండ్‌లో దొరికాడు.

1982 జనవరి 10న క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో డాలస్ కౌబాయ్స్‌తో మ్యాచ్. గెలిస్తే సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్. డాలస్ 27, వీళ్లు 21. 89 గజాల దూరం నుంచి అంగుళం అంగుళం జరుపుకుంటూ ఆరు గజాల గీత దాకా వచ్చారు. ఇంకా 58 సెకన్లు. మొదట ఫ్రెడ్డీ సాలమన్‌కు విసరాలి, అతను దొరకలేదు. ముగ్గురు తరుముతుంటే మోంటానా కుడివైపు పక్కగీత దాకా పరిగెత్తి, మైదానం వెనకగీత వైపు బంతిని ఎత్తుగా లేపాడు. అందుకుంటే క్లార్క్ అందుకోవాలి, లేదా బయటికి పోవాలి. క్లార్క్ ఎగిరి వేళ్ల చివర్లతో పట్టాడు. అదంతా అప్పటికప్పుడు తోచింది కాదు. ఆ రెండో దారిని కూడా వాల్ష్ ముందే సాధన చేయించి ఉంచాడు. టచ్‌డౌన్ తర్వాతి అదనపు పాయింటుతో కలిపి 28-27తో గెలిచారు. రెండు వారాల తర్వాత సూపర్ బౌల్‌లో ఓడించింది ఎవర్ననుకున్నారు? పాల్ బ్రౌన్ బెంగాల్స్‌నే, 26-21 తేడాతో.

మరో రెండు సూపర్ బౌల్స్, 1985లోనూ 1989లోనూ వచ్చాయి. మొదటిది స్టాన్‌ఫర్డ్ మైదానంలోనే. రెండోదాంట్లో మళ్లీ బెంగాల్సే. 92 గజాలు ముందుకొచ్చి, ఇంకో 34 సెకన్లే ఉండగా టచ్‌డౌన్ కొట్టారు. అది గెలిచాక వాల్ష్ తప్పుకున్నాడు. పదేళ్లకే మనిషి పూర్తిగా అలసిపోయాడు. ప్రతి ఓటమినీ తన మీదే వేసుకునే స్వభావం. మనుషులనే కాగితం మీది లెక్కంత కచ్చితంగా నడపాలనుకోవడానికి ఆయన చెల్లించిన మూల్యం అది అని నా అభిప్రాయం.

1992లో మళ్లీ స్టాన్‌ఫర్డ్ పిల్లల దగ్గరికే వెళ్లాడు. మొదటి ఏడాది పది గెలుపులు. తర్వాతి రెండేళ్లూ గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. 1994తో కోచింగ్ ముగిసింది. 2007 జులై 30న లుకేమియాతో, 75వ ఏట కన్నుమూశాడు.

ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే మిన్నగా తోచేది 1987 నాటిది. అప్పట్లో ఈ జట్లు ఆడే లీగ్‌లో ఆటగాళ్లలో నల్లజాతివాళ్లు ఎందరో ఉన్నా, వాళ్లలోంచి ప్రధాన కోచ్ ఒక్కడూ లేడు. వాల్ష్ కాలేజీల్లో పనిచేస్తున్న నల్లజాతి కోచ్‌లను తన శిక్షణ శిబిరానికి పిలిచి, మీటింగుల్లో కూర్చోబెట్టి, పనంతా దగ్గరుండి చూపించాడు. తర్వాత లీగ్ ఆ పద్ధతిని అన్ని జట్లకూ విస్తరించింది. ఆ దారిలో పైకొచ్చినవాళ్లలో మార్విన్ లూయిస్ ఒకడు. ఒకప్పుడు వాల్ష్‌కు దక్కని బెంగాల్స్ ప్రధాన కోచ్ పదవి 2003లో లూయిస్‌కు దక్కింది. అందులో పదహారు సీజన్లు పనిచేశాడు.